నిషేధమా, పన్నా? డబ్బున్నవాళ్ల ఇళ్ల కొనుగోళ్లకు ఏది మేలు?

లోన్ లేకుండా మొత్తం ఒకేసారి కట్టి ఇల్లు కొనేవాళ్లకు వడ్డీ రేటు పెరిగినా ఫికర్ లేదు. లోన్ శాంక్షన్ కాదేమోనన్న టెన్షన్ ఉండదు కాబట్టి అమ్మేవాళ్లూ వాళ్లవైపే మొగ్గుతారు. ఆ ఒక్క ఇల్లు ఎంతకు పోయిందో, మర్నాటి నుంచి వీధి మొత్తం అదే రేటు చెబుతుంది. జీతం మీద ఈఎంఐ కట్టేవాళ్లు ఊరి చివరికి జరగాల్సిందే.

దీనికి విరుగుడుగా కెనడా 2023 జనవరి 1 నుంచి విదేశీయులు ఇళ్లు కొనకుండా నిషేధం పెట్టింది, తర్వాత 2027 జనవరి 1 దాకా పొడిగించింది. వినడానికి గట్టిగానే ఉంది. మొదట్లో ఇరుక్కున్నది మాత్రం వర్క్ పర్మిట్ మీద ఉన్నవాళ్లు, అంటే మన తెలుగువాళ్లు కూడా. మూడేళ్లు పనిచేసినట్టు, పన్ను రిటర్నులు వేసినట్టు చూపించమన్నారు. ఆ మార్చిలోనే సడలించి, పర్మిట్ గడువు 183 రోజులు మిగిలుంటే ఒక ఇల్లు కొనుక్కోవచ్చన్నారు. కోట్లున్న శాశ్వత నివాసి పది కొన్నా ఈ చట్టం అడ్డుపడదు.

కెనడాలోనే వాంకూవర్ ప్రాంతంలో 2016లో ఇల్లు కొనే విదేశీయులపై 15 శాతం పన్ను వచ్చింది, 2018లో 20 అయింది. ధరలు కొన్నాళ్లు మెత్తబడి మళ్లీ ఎక్కాయి. అంతకన్నా 2017 నుంచి వాంకూవర్ నగరం వేస్తున్న ఖాళీ ఇళ్ల పన్ను నయం. విలువలో 1 శాతంతో మొదలై 2021కి 3 అయింది. పాస్‌పోర్టు సంగతి వదిలేసి, ఇంట్లో మనుషులుంటున్నారా అని చూస్తుంది. ఖాళీ ఇళ్లు తగ్గాయి కూడా.

నా ఓటు సింగపూర్‌కి. 2023 ఏప్రిల్ నుంచి విదేశీయులకు అదనపు స్టాంపు డ్యూటీ 60 శాతం. సొంత పౌరులనూ వదల్లేదు: మొదటి ఇంటికి సున్నా, రెండోదానికి 20, మూడోదానికి 30. వాణిజ్య ఒప్పందం వల్ల అమెరికా పౌరులకూ సింగపూర్ పౌరుల రేటే. అంటే అమెరికా పాస్‌పోర్టున్న అన్నకు మొదటి ఇంటికి సున్నా, హైదరాబాద్ నుంచి కొనే తమ్ముడికి 60!

అయితే అక్కడి జనంలో ఎక్కువమంది ఉండేది ప్రభుత్వ సంస్థ హెచ్‌డీబీ కట్టిన ఫ్లాట్లలో, వాటిని విదేశీయులు కొనలేరు. అలాంటి ఫ్లాట్లు లేని వాంకూవర్ రేపు 60 శాతం వేసినా, ఈఎంఐ మనిషి అదే ఇంటికి స్థానిక కోటీశ్వరుడితో పోటీ పడాల్సిందే.