కాలానికో పాటల జాబితా: యాప్ లెక్కా, లాస్ట్.ఎఫ్‌ఎమ్ పద్దా, మనం దింపుకున్న డేటానా, ఏది మేలు?

పోయిన డిసెంబరు మొదట్లో నేను పాటలు వినే యాప్ స్పాటిఫై నా ఏడాది లెక్క చూపించింది. పైనున్న అయిదు పాటల్లో మూడు పొద్దున్నే వంటింట్లో పెట్టుకునేవి. అక్టోబరు వానల్లో మా విశాఖ ఎన్‌ఏడీ కొత్తరోడ్డు దగ్గర బస్సు కోసం నిలబడి, ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో ఫోన్ పట్టుకుని మళ్ళీ మళ్ళీ విన్న పాట అందులో ఎక్కడా లేదు. నాకు కావలసింది అదీ, దాని తోటివీ. కాలానికో జాబితా కావాలి, అది నేను నిజంగా విన్నవాటిలోంచే రావాలి. అందుకని మూడు దారులూ నడిచి చూశాను.

యాప్ ఇచ్చే లెక్కకి మనం పడాల్సిన శ్రమ ఏమీ లేదు. కానీ ‘రాప్డ్’ అనే స్పాటిఫై ఏడాది లెక్క ఏడాది మొత్తాన్ని ఒక్క కుప్ప పోస్తుంది. పైగా డిసెంబరు మొదట్లోనే వచ్చేస్తుంది కనుక, ఆ నెల 16 ప్రాంతంలో మొదలయ్యే ధనుర్మాసంలో తెల్లవారుజామున వినే పాటలు ఆ ఏడాది లెక్కలోకి వచ్చే వీలే లేదు. అందులోనే ఉండే ‘ఆన్ రిపీట్’ జాబితా ఈమధ్య ఎక్కువ విన్నవి చూపిస్తుంది, నాలుగు వారాలు పోతే అదీ మారిపోతుంది. యూట్యూబ్ మ్యూజిక్ ఋతువుల వారీగా రీక్యాప్ (విన్నవాటి లెక్క) ఇస్తుంది కానీ ఆ ఋతువులు మనవి కావు.

అసలు చిక్కు అక్కడే. విశాఖలో ఆకులు రాలే శరత్తు ఎవరికి తెలుసు? మనకి సెప్టెంబరు, అక్టోబరుల్లోనే వాన గట్టిగా పడుతుంది, ఆ వెనకే తుపాన్ల భయం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసినవాళ్ళకి ఆ నెల ఏ కాలమో ఎవరూ చెప్పక్కర్లేదు. మార్చి నుంచి జూన్ సగం దాకా ఉక్కపోత. జూన్ సగం నుంచి నవంబరు సగం దాకా వానలు. ఆ తర్వాత మార్గశిర లక్ష్మివారాలు, బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి దగ్గర క్యూలు, ఫిబ్రవరి చివరిదాకా చలి. నేను గీసుకున్న గీతలు ఇవీ. ఈ గీతలు మనం గీసుకోనిచ్చే పద్ధతే నాకు పనికొస్తుంది.

మనం విన్న పాటల పద్దు రాసే సైటు లాస్ట్.ఎఫ్‌ఎమ్ గీసుకోనిస్తుంది. స్పాటిఫైని దానికి ఒకసారి కలిపితే చాలు, విన్న ప్రతి పాటా తేదీ, వేళతో సహా రాసిపెడుతుంది. దీన్నే స్క్రాబ్లింగ్ అంటారు. అది పెట్టుకున్న నియమం నాకు నచ్చింది: పాట 30 సెకన్ల కన్నా పెద్దదై ఉండాలి, అందులో సగమో, లేదా 4 నిమిషాలో విని ఉండాలి. ఏది ముందైతే అది. నాలుగు ముక్కలు విని దాటేసిన పాట పద్దులో పడదు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని అడిగితే, ఆ మధ్య ఎక్కువ విన్నవి వరసగా చూపిస్తుంది.

లోటు ఏమిటంటే, కలిపిన రోజు నుంచే రాస్తుంది. పోయిన వానాకాలాన్ని వెనక్కి తేలేదు. తెలుగు పాటలకి ఇంకో తిప్పలుంది. ఒకే పాట ఒకచోట సంగీత దర్శకుడి పేరున, ఇంకోచోట గాయని పేరున, మరోచోట ఇంగ్లిషు స్పెల్లింగు మారి పడుతుంది. ఇరవైసార్లు విన్న పాట మూడు వరసలుగా చీలి, మూడూ కిందికి జారిపోతాయి.

ఇక మూడోది. స్పాటిఫై అకౌంట్‌లోని ప్రైవసీ పేజీలో మన డేటా అడగొచ్చు. రెండు రకాలు ఉంటాయి. మామూలు అకౌంట్ డేటాలో గడిచిన ఏడాదిది మాత్రమే వస్తుంది, అయిదు రోజుల్లోపు ఇస్తారు. ‘ఎక్స్‌టెండెడ్ స్ట్రీమింగ్ హిస్టరీ’ అడిగితే అకౌంట్ తెరిచిన నాటి నుంచీ వస్తుంది, 30 రోజుల వరకు పట్టొచ్చు. అడగాల్సింది ఈ రెండోదే. జేసన్ అనే రకం డేటా ఫైళ్ళు వస్తాయి, గూగుల్ షీట్స్‌లోకో ఎక్సెల్‌లోకో మార్చుకోవాలి.

అందులో ఒక్క వరస చూడండి. అక్టోబరు 14, వేళ 19:42. విన్నది 2,71,000 మిల్లీసెకన్లు, అంటే 4 నిమిషాల 31 సెకన్లు. మొదలైన కారణం: ‘క్లిక్‌రో’. ముగిసిన కారణం: ‘ట్రాక్‌డన్’. ఆ వేళ మనది కాదు, యూటీసీ, అంటే ప్రపంచమంతటికీ ప్రమాణంగా పెట్టుకున్న వేళ. దానికి అయిదున్నర గంటలు కలపాలి (షీట్‌లో అయితే 5.5ని 24తో భాగించి కలిపితే సరి). అంటే 15వ తేదీ రాత్రి 1:12. ‘క్లిక్‌రో’ అంటే జాబితాలో ఆ పాట మీద నేనే వేలు పెట్టి నొక్కాను. ‘ట్రాక్‌డన్’ అంటే చివరిదాకా సాగింది. నిద్రపట్టని వానరాత్రి లేచి, కావాలని వెతికి పెట్టుకున్న పాట అది. వరస చూడగానే కిటికీ రెక్క కొట్టుకున్న చప్పుడు గుర్తొచ్చింది. ఏ రీక్యాప్‌లోనూ నాకిది దొరకలేదు.

వేళ సరిచేయకపోతే మన తెల్లవారుజాము 5:30 లోపు విన్నవన్నీ ముందురోజు ఖాతాలో పడతాయి. నెలల లెక్కకి అంత తేడా రాదు గానీ, రాత్రి పాటలు వేరు చేసుకోవాలంటే తప్పదు.

ఎన్నిసార్లు విన్నాం అని మాత్రమే లెక్కేస్తే ఇక్కడా వంటింటి పాటలే పైకొస్తాయి. చూడాల్సింది వాటా. ఒక పాట ఏడాదిలో 40 సార్లు విని, అందులో 15 వానల్లో విన్నాననుకోండి. ఇంకోటి మొత్తం 9 సార్లే విన్నా, 8 వానల్లోనే విన్నాను. వానపాట రెండోది. నా వానాకాలం అయిదు నెలలు, ఏడాదిలో దాదాపు 42 శాతం. ఏడాది పొడుగునా ఒకే తీరున విన్న పాటకైనా 42 శాతం వానల్లోనే పడుతుంది కనుక, మూడింట రెండు వంతులు దాటినవే తీసుకున్నాను. ఎండాకాలం మూడున్నర నెలలే కాబట్టి సగం దాటితే చాలనుకున్నాను. అయిదుసార్ల కన్నా తక్కువ విన్నవి, 30 సెకన్లు కూడా సాగనివి ముందే తీసేశాను. ఒకే పాట సినిమా ఆల్బమ్‌లో ఒకటి, హిట్స్ ఆల్బమ్‌లో ఒకటిగా ఉంటే కూర్చుని చేత్తో కలిపాను. ఒక ఆదివారం మధ్యాహ్నం అంతా దానికే పోయింది.

ఎండాకాలం జాబితాలో పిల్లల పాటలు పదకొండు తేలాయి. గాజువాక నుంచి అక్క కొడుకు సెలవులకి వచ్చి నా ఫోన్ పట్టుకున్న ఫలితం. చెరిపేయబోతే అక్క, “ఉండనీయే, ఆర్కే బీచ్‌లో మొక్కజొన్న పొత్తు తింటూ వాడితోపాటు నువ్వూ పాడలేదా?” అంది. రెండు ఉంచాను. ఆ ఎండాకాలం నిజంగానే అలా గడిచింది.

యూట్యూబ్ మ్యూజిక్‌లో వినేవాళ్ళు తమ డేటాని గూగుల్ టేకవుట్ అనే గూగుల్ పేజీ నుంచి దింపుకోవచ్చు. కానీ దానిలో ఎంతసేపు విన్నామో ఉండదు, మొదలుపెట్టి ఆపేసిందీ పూర్తిగా విన్నదీ ఒకటే. అందుకే ఈ పనికి దాన్ని ఆఖరున పెడతాను.

వెనకటి కాలాలు కావాలంటే దింపుకున్న డేటానే మేలు, నాకందులో సందేహం లేదు. శ్రమ ఉంది, ఉన్నా దానికి తగ్గ ఫలం ఉంది. షీట్‌తో కుస్తీ పట్టలేనివాళ్ళు ఈ రోజే లాస్ట్.ఎఫ్‌ఎమ్ కలిపి వదిలేయండి, వచ్చే ఏడాదికి అదే అక్కరకొస్తుంది. మీరు విన్నవి అందరికీ కనబడతాయి కాబట్టి సెట్టింగ్స్‌లో ఈమధ్య విన్నవి దాచేయడం మరవకండి. యాప్ ఇచ్చే లెక్కని చూసి ఆనందించండి, జాబితాకి మాత్రం దాని మీద ఆధారపడకండి.

ఏ డేటాలోనూ లేనివి కొన్ని ఉంటాయి. ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రంలో విన్నవి, సింహాచలం గిరిప్రదక్షిణలో ఆ 32 కిలోమీటర్లూ దారి పొడుగునా మైకుల్లో విన్నవి. అవి నేను గుర్తు చేసుకుని చేర్చాను, నాలుగే అయ్యాయి.

ఈ వానలకే జాబితా కావాలనుకుంటే డేటా మే మొదట్లోనే అడగండి. 30 రోజులూ పట్టినా మొదటి వానకి చేతికొస్తుంది.