ముందు పలక స్ప్రూస్, వెనక ప్లైవుడ్: నా హైబ్రిడ్ డబుల్ బాస్ సంగతి

అన్నిటికంటే మంద్రంగా పలికే కింది ఇ తీగ మీద కమాను పడగానే స్వరం పలుకుతుంది. ఈ డబుల్ బాస్ (వయొలిన్ కుటుంబంలో అన్నిటికంటే పెద్ద వాద్యం) గురించి ఎవరడిగినా నేను ముందు చెప్పే మాట ఇదే. సెకనుకి దాదాపు 41 కంపనాల స్వరం అది. అంత మందపు తీగ కదలడానికే కొంత సమయం పడుతుంది. పూర్తి ప్లైవుడ్ బాసుల్లో ఆ ఆలస్యం చేతికి తెలిసిపోతుంది. ముందు గరగరమంటుంది, స్వరం ఆ తర్వాత వస్తుంది. అవే బాసుల్ని వేళ్ళతో మీటితే హాయిగా మోగుతాయి, అందుకే జాజ్ వాయించేవాళ్ళలో చాలామందికి వాటితో ఏ పేచీ లేదు. పాశ్చాత్య క్లాసికల్‌లో సింహభాగం కమాను పనే. ముందు పలక స్ప్రూస్ అనే కలపతో చెక్కి తీర్చినదైతే ఆ పని ఎంత తేలికవుతుందో షాపులో రెండు రకాలూ పక్కపక్కన పెట్టి వాయించిన రోజే నాకు అర్థమైంది. ఇన్నేళ్ళు వాడాక కూడా ఆ ఒక్క విషయంలో నా అభిప్రాయం మారలేదు.

చిన్నప్పుడు విజయవాడలో కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నాను. ఉద్యోగం మీద మిషిగన్ వచ్చాక, మా ఊరి కమ్యూనిటీ ఆర్కెస్ట్రాలో బాస్ వాయించేవాళ్ళకి కరువని తెలిసి ఇటు వచ్చాను. సపసప శ్రుతికి అలవాటు పడ్డ చెవికి, ప్రతి రెండు తీగల మధ్యా మధ్యమమే ఉండే ఈ వరస కుదురుకోవడానికి చాలాకాలం పట్టింది. చేతి సంగతి ఇంకా కష్టం. తీగ పొడవు మీటరు దాటి ఉంటుంది, కింది స్థానాల్లో (బిరడాల వైపు) చూపుడువేలికీ చిటికెనవేలికీ మధ్య ఒక్క పూర్తి స్వరం దూరమే అందుతుంది. వయొలిన్ మీద చెయ్యి కదపకుండా పలికించే సరిగమకి ఇక్కడ చెయ్యి కిందికీ పైకీ పరుగులు పెట్టాలి.

బడ్జెట్ నాలుగు వేల డాలర్లకి కాస్త అటూ ఇటూ. ఆ డబ్బుకి కొత్తది కావాలంటే పూర్తిగా చెక్కిన బాస్ రాదు, వచ్చినా దాన్ని నమ్మలేం. ప్లైవుడ్‌వి అంతకంటే బాగా తక్కువకే వస్తాయి. మధ్యలో ఉన్నదే హైబ్రిడ్: ముందు పలక అసలు చెక్క, వెనకా పక్కలూ ప్లైవుడ్. షెన్, ఈస్ట్‌మన్ లాంటి కంపెనీలు ఈ తరహావి చాలా చేస్తాయి. వెయ్యి డాలర్ల లోపు ఆన్‌లైన్‌లో కనిపించేవాటి జోలికి మాత్రం వెళ్ళకండి. వాటిలో చాలావాటికి తీగల్ని మోసే బ్రిడ్జ్ కాళ్ళు పలక మీద సరిగ్గా ఆనవు, వేళ్ళు నొక్కే ఫింగర్‌బోర్డు నల్లరంగు పూసిన మెత్తటి చెక్క, లోపల రెండు పలకల మధ్య నిలిపే కర్ర, అదే సౌండ్ పోస్ట్, ఎక్కడుందో దేవుడికెరుక. వాటిని వాయించదగ్గ స్థితికి తెచ్చేలోపు మిగిలిందనుకున్న డబ్బంతా పోతుంది.

కొన్నాక లూథియర్ (తీగ వాద్యాలు చేసి, బాగుచేసే ఆయన) దగ్గర సెటప్‌కి, అంటే వాయించడానికి వీలుగా సర్దించడానికి, పెట్టిన డబ్బు గురించి ఒక్క మాట. బ్రిడ్జ్ కాళ్ళలో ఎత్తు సర్దే మరలు పెట్టించాను. కొత్తలో ఇదొక సౌకర్యం అనుకున్నాను. ఈ రాష్ట్రంలో అది అవసరం. వేసవిలో తేమకి ముందు పలక ఉబ్బుతుంది, తీగలు పైకి లేచి ఎడమచేతిని చంపుతాయి. చలికాలంలో పలక ఆరి కిందికి దిగుతుంది, తీగలు ఫింగర్‌బోర్డుకి తగిలి చప్పుడు చేస్తాయి. మరలు ఉంటే కాస్త తిప్పుకుంటే సరిపోతుంది. లేకపోతే ఎండాకాలానికొక బ్రిడ్జ్, చలికాలానికొక బ్రిడ్జ్ చేయించుకోవాలి.

ఇక చెప్పాల్సింది ఆ చలికాలం గురించి.

వాతావరణం గొడవ ఉండదనే ధీమాతోనే హైబ్రిడ్ తీసుకున్నాను. ప్లైవుడ్ పొరలు ఒకదాని మీద ఒకటి అడ్డంగా అతికి ఉంటాయి కాబట్టి ఆరినా తడిసినా పెద్దగా కదలవు, పగుళ్ళు రావు. ఆ మాట చాలామందికి చెప్పాను కూడా. కొన్న తర్వాత రెండో జనవరిలో, బేతోవెన్ ఐదో సింఫొనీ రిహార్సల్ జరుగుతోంది. మూడో భాగం మధ్యలో చెలోలూ బాసులూ మాత్రమే పరుగెత్తుతూ మొదలుపెట్టే చోటు ఒకటుంది, బాస్ వాయించేవాళ్ళంతా ఎదురుచూసే చోటు. అక్కడ నా బాస్‌లో ఒక జిర్రుమనే శబ్దం మొదలైంది. ఎ తీగ మీద ఒక స్వరం వచ్చిన ప్రతిసారీ పలకలో ఈగ ఇరుక్కున్నట్టు. పక్క స్వరాలు శుభ్రంగానే ఉన్నాయి.

తీగల కింది కొసల్ని పట్టే టెయిల్‌పీస్ తీగ చూశాను, బాస్‌ని నేల మీద నిలిపే ఎండ్‌పిన్ మర బిగించాను, బ్రిడ్జ్ మరలు చూశాను, బిరడాల దగ్గర వదులైన స్క్రూలు చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి. కొన్న షాపుకి ఫోన్ చేస్తే తీగలు పాతబడ్డాయి, కొత్త సెట్టు వేసుకోండి అన్నారు. మంచి సెట్టు రెండు వందల డాలర్ల పైమాటే. బాస్‌ని కళ్ళతో చూడకుండా ఫోన్‌లోనే తీగలు అమ్మజూసిన ఆ సలహా మీద నాకు ఇప్పటికీ కోపమే. వారంటీ ఉన్న వస్తువు అది, తీసుకురండి చూస్తాం అనే మాట వాళ్ళ నోట రాలేదు.

లూథియర్ తీగల్ని ముట్టుకోనేలేదు. బాస్‌ని పక్కకి పడుకోబెట్టి, వేలి కణుపుతో అంచు పొడవునా తలుపు తట్టినట్టు తట్టుకుంటూ వెళ్ళారు. టక్ టక్ అని గట్టిగా పలికే శబ్దం కింది వంపు దగ్గరికొచ్చేసరికి బోలుగా, పెళపెళమంది. అక్కడ ఒక సన్నటి కాగితం ముక్క పెడితే ముందు పలకకీ పక్క చెక్కకీ మధ్య లోపలికి దూరిపోయింది. దాదాపు జానెడు మేర అతుకు ఊడింది.

కారణం ఆయన చెప్పాక నాకు హైబ్రిడ్ అంటే ఏమిటో అసలు అర్థమైంది. మా ఇంట్లో హీటర్ నడిచే రోజుల్లో గాలిలో తేమ 20 శాతం లోపుకి పడిపోతుంది. స్ప్రూస్ పలక అడ్డంగా కుంచించుకుపోతుంది. పక్కలు ప్లైవుడ్ కాబట్టి అవి కుంచించుకోవు. ఆ లాగులాట అంతా అతుకు మీద పడుతుంది. నేను ధీమాగా చెప్పుకున్న ప్లైవుడ్ నిలకడే ఇక్కడ పలకని కదలనివ్వని బిగింపు అయింది. అతుకు ఊడటం మన అదృష్టమే. పలకని అతికేది చర్మం నుంచి తీసిన జిగురు, దాన్ని కావాలనే కాస్త పలచగా కలుపుతారు, భారం పడితే చెక్క చీలే ముందే అతుకు వదిలెయ్యాలని. కొన్ని చవక బాసుల్లో మామూలు తెల్ల జిగురు గట్టిగా పూసేస్తారు. అప్పుడు అతుకు వదలదు, పలకే నిలువునా చీలుతుంది. ఆ చీలిక సౌండ్ పోస్ట్ దగ్గర పడిందంటే బాగుచేసే ఖర్చు బాస్ ఖరీదుని అందుకోవచ్చు.

నాది బాగుచెయ్యడానికి పెద్ద కష్టం లేకపోయింది. పాత జిగురు వేడినీళ్ళతో కడిగి, పలచటి కత్తితో కొత్త జిగురు లోపలికి తోసి, అంచు వెంట చెక్క బిగింపులు వరసగా పెట్టి రాత్రంతా ఉంచారు. తీగలు అవే. ఆ స్వరం శుభ్రంగా పలికింది. ఖర్చు కొత్త తీగల సెట్టు కంటే తక్కువే.

అప్పట్నుంచి బాస్ ఉండే గదిలో హ్యుమిడిఫయర్ నడుస్తుంది, తేమ 40 శాతానికి తగ్గకుండా చూస్తాను. గోడకి ఒక చిన్న మీటరు తగిలించాను. ఆ తర్వాత అతుకు మళ్ళీ ఊడలేదు. అంటే హైబ్రిడ్ కొనేవాళ్ళు ఈ ఖర్చునీ ఈ కాపలానీ కూడా లెక్కలో వేసుకోవాలి. తేమ సంగతి అసలు చూసుకోలేని ఇల్లయితే, స్కూలు వ్యానుల్లో గ్యారేజీల్లో తిరగాల్సిన బాస్ అయితే, ప్లైవుడ్ తీసుకోండి, ఇ తీగ దగ్గర కొంచెం ఓపిక పట్టండి.

ఇంకో విషయం కూడా ఒప్పుకోవాలి. మొదట్లో నన్ను మురిపించిన కింది తీగ నిజంగానే గొప్పగా ఉంది గానీ, పైన జి తీగ మీద బొటనవేలు కూడా తీగ మీద పెట్టి వాయించే హెచ్చు స్థానాల దాకా వెళితే ధ్వని సన్నబడిపోతుంది. మా ఆర్కెస్ట్రాలో అంత పైకి వెళ్ళే పని ఏడాదికి ఎప్పుడో వస్తుంది, కాబట్టి నన్ను పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. సోలోలు, ఆడిషన్లు, సంగీత కళాశాల ప్రవేశాలు మనసులో ఉన్నవాళ్ళకి అది చిన్న లోటు కాదు. వాళ్ళు ఒకటి రెండేళ్ళు అద్దె బాస్‌తో నెట్టుకొచ్చి, పాతదైనా పూర్తిగా చెక్కినదాని కోసం ఆగడమే మేలు. అద్దెలో కొంత భాగాన్ని కొనేటప్పుడు ధరలో తగ్గించే షాపులు ఇక్కడ ఉన్నాయి, అడిగి చూడండి. ఇక్కడ స్కూల్ ఆర్కెస్ట్రాల్లో బాస్ ఎంచుకున్న మన పిల్లల తల్లిదండ్రులకీ ఇదే చెబుతాను. పిల్లలు ఎదుగుతూ సైజులు మారుతుంటారు, త్రీఫోర్త్‌కి (పెద్దవాళ్ళు మామూలుగా వాయించే సైజు) వచ్చేదాకా కొనాల్సిన పని లేదు.

నా మట్టుకు నేను ముగ్గురు బాసిస్టుల్లో ఒకణ్ణి, వారానికొక రిహార్సల్, ఏడాదికి కొన్ని కచేరీలు. ఈ వాడకానికి ఈ బాస్ సరిగ్గా సరిపోయింది. చేతిలోకి మళ్ళీ డబ్బొస్తే మొదట మార్చేది దానితో ఉచితంగా వచ్చిన కమానుని. మంచి కార్బన్ ఫైబర్ కమాను ఒకటి అరువు తెచ్చి చూశాను, పై జి తీగ కూడా కొంచెం నిండుగా వినిపించింది. ఎంతవరకు అది కమాను మహిమో, ఎంతవరకు ఆ రోజు తేమో, ఇంకో చలికాలం వాయించి చూశాకే చెప్పగలను.