ఆ మొదటి ముప్పావు నిమిషం: ‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’ ముప్పై ఏళ్లు విన్నాక

విట్నీ హ్యూస్టన్ పాడిన ‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’ పేరెత్తితే చాలు, అందరూ చివర్లో ఆవిడ గొంతెత్తి అందుకునే ఆ పైస్థాయి గురించే చెప్తారు. నేనూ చాలా ఏళ్లు అంతే. సంగీతం మొత్తం ఒక్కసారి ఆగిపోయి, డ్రమ్ము మీద ఒకే ఒక్క దెబ్బ పడి, శ్రుతి పెరిగి మళ్లీ పల్లవి అందుకుంటుందే, అక్కడికి టేపు ముందుకు తిప్పుకుని మరీ వినేవాడిని. ఇప్పుడు మాత్రం ఈ పాటలో నాకు ప్రాణం ఏదంటే మొదటి ముప్పావు నిమిషమే. వాద్యం ఒక్కటీ ఉండదు, ఉత్త గొంతు. అది సరిగ్గా వినపడకపోతే నాకు పాట విన్నట్టే ఉండదు.

ఈ పాట నా దగ్గరికి వచ్చింది ‘ది బాడీగార్డ్’ సినిమా పాటల క్యాసెట్‌తో. అక్క కొనుక్కున్నది. ఉద్యోగం వచ్చి వేరే ఊరు వెళ్తూ, “నీ దగ్గరే ఉంచు, వచ్చినప్పుడు ఇద్దరం విందాం” అని ఇచ్చి వెళ్లింది. క్యాసెట్‌లో మొదటి పాటే ఇది. ప్లే నొక్కితే ముందు కాసేపు ఖాళీ టేపు తిరుగుతుంది, సన్నగా బుస్సుమంటుంది, ఆ బుసలోంచి ఆవిడ గొంతు మెల్లగా బయటికి వస్తుంది. గట్టిగా కాదు, పక్కన కూర్చుని చెప్తున్నట్టు. అప్పట్లో నాకు దాని విలువ తెలియలేదు. డ్రమ్ము దెబ్బ కోసం ఎన్నిసార్లు ముందుకీ వెనక్కీ తిప్పానో, చివరికి సరిగ్గా అదే చోట టేపు నలిగి గొంతు వంకరపోయేది.

తర్వాత సీడీ, ఆ తర్వాత ఫోను. ఇక్కడే అసలు సంగతి. కొన్నాళ్ల క్రితం ఒక బ్లూటూత్ స్పీకర్ కొన్నాను. మోత బాగుంది, బేస్ బాగుంది, కొన్న కొత్తలో అడిగిన వాళ్లందరికీ అదే కొనమని చెప్పాను. అక్క ఇంటికి వచ్చినప్పుడు ఈ పాట పెట్టాను. పాట మొదలైందో లేదో తలెత్తి, “ఒరేయ్, మొదటి మాట ఏదిరా?” అంది. నిజంగానే లేదు! పాట ‘ఇఫ్’ అన్న చిన్న మాటతో మొదలవుతుంది, ఆ మాటా, దాని ముందు తీసుకునే ఊపిరీ రెండూ మాయం. అన్ని నెలలుగా వింటున్నాను, నాకు తట్టనే లేదు. నాకది చాలా కష్టంగా అనిపించింది.

ముందు పాట ఫైలే పాడైందనుకున్నాను. తీసేసి మళ్లీ డౌన్‌లోడ్ చేశాను, అదే తంతు. వేరే యాప్‌లో పెట్టాను, అదే. ఇయర్‌ఫోన్స్ వైరు ఫోనుకి గుచ్చి వింటే మాత్రం ఊపిరితో సహా వినపడింది. అంటే తప్పు స్పీకర్‌దే. కాసేపు ఏ శబ్దమూ రాకపోతే బ్యాటరీ ఆదా కోసం అది లోపల నిద్రలోకి జారుకుంటుంది, మళ్లీ శబ్దం వచ్చినప్పుడు లేవడానికి ఒక క్షణం పడుతుంది. ఆ క్షణంలో వచ్చింది పోయినట్టే. డ్రమ్ములతోనో గిటార్‌తోనో మొదలయ్యే పాటలకి ముక్క పోయినా పెద్దగా తెలియదు. కానీ ఈ పాట ఒక్క మాటతో, దాదాపు నిశ్శబ్దంలోంచి మొదలవుతుంది, మరి అక్కడే కోత పడితే ఎలా? క్యాసెట్ అంత పాతదైనా ఆ మాట ఎన్నడూ మింగలేదు. ప్రస్తుతానికి నేను చేసేది ఏంటంటే, పాట ఒక్క రెండు సెకన్లు నడవనిచ్చి వెంటనే మళ్లీ మొదటికి తెస్తాను, అప్పటికి స్పీకర్ మేలుకుని ఉంటుంది కాబట్టి మాట దక్కుతుంది. యాప్‌లో ఒక పాట చివర్ని ఇంకో పాట మొదట్లో కలిపే క్రాస్‌ఫేడ్ ఆన్‌లో ఉంటే అదీ ఆఫ్ చేసుకోండి, లేకపోతే ముందు పాట తోక ఈ గొంతు మీద పడుతుంది.

ఈ గొడవంతా అయ్యాకే ఆ ముప్పావు నిమిషం అసలు ఎలా వచ్చిందో చదివాను. సినిమాలో విట్నీ పక్కన నటించిన కెవిన్ కాస్ట్‌నరే మొదట్లో వాద్యాలు వద్దని పట్టుబట్టాడట. అలా మొదలైతే రేడియోలో వేయరని రికార్డు కంపెనీ వాళ్ల భయం. ఆయన వినలేదు. ఇంకో సంగతి, ఈ పాట రాసింది, మొదట పాడింది అమెరికన్ గాయని డాలీ పార్టన్. తనని పైకి తెచ్చిన గాయకుడు పోర్టర్ వ్యాగనర్ దగ్గర్నుంచి విడిపోయి సొంతంగా వెళ్లేటప్పుడు ఆయన కోసం రాసుకున్న పాట, 1974లో అమెరికాలో కంట్రీ (అక్కడి పల్లె బాణీ) పాటల చార్టులో నంబర్ వన్ కూడా అయింది. విట్నీ పాడింది డాలీ మొదటిసారి విన్నది కారు నడుపుతూ, రేడియోలో. మొదలు వింటుంటే ఎక్కడో విన్నట్టుందే అనుకుందట గానీ తన పాటేనని తెలియలేదట, పల్లవి వచ్చేసరికి తట్టుకోలేక కారు పక్కకి ఆపేసిందట. రాసిన మనిషికే కొత్తగా వినిపించిందంటే ఆ మొదలు ఎంత పని చేసి ఉండాలి!

సింగిల్‌గా, అంటే విడి పాటగా వచ్చింది 1992 నవంబర్ మొదట్లో, సినిమా అదే నెల 25న. నెలాఖరుకల్లా అమెరికా పాటల ప్రధాన చార్టు బిల్‌బోర్డ్ హాట్ 100లో మొదటి స్థానానికి వెళ్లి అక్కడ 14 వారాలు కూర్చుంది, అప్పటికి అది రికార్డు. బ్రిటన్‌లో 10 వారాలు. 1994లో గ్రామీ సంగీత అవార్డుల్లో రికార్డ్ ఆఫ్ ది ఇయర్. ఇవన్నీ ఎక్కడైనా దొరుకుతాయి. నా బాధల్లా ఆ విజయం పాటకి చేసిన చెరుపు గురించి. ఎక్కడ పడితే అక్కడ వేసి వేసి, పాటల పోటీల్లో ఎవరు పడితే వాళ్లు చివరి కేక ఒక్కటే పట్టుకుని పాడి పాడి, ఇదేదో గొంతు బలం చూపించే పాట అన్నట్టు చేసేశారు. పెళ్లిళ్లలో కూడా వేస్తుంటారు. ఇది విడిపోయే పాట. నీ దారికి నేను అడ్డు, అందుకే వెళ్తున్నాను, చల్లగా ఉండు అని చెప్పే పాట. మొదటి చరణం వింటే ఎవరికైనా తెలుస్తుంది, కానీ దాన్ని వినేదెవరు?

ఇన్నేళ్ల తర్వాత పాటంతా ఒకేలా నిలబడిందా అంటే, పూర్తిగా కాదు. వెనకాల కీబోర్డులు ఆ కాలానివని తెలిసిపోతాయి, ఈమధ్య కొంచెం బరువుగా అనిపిస్తున్నాయి. కర్క్ వేలమ్ శాక్సోఫోన్ నాకిప్పటికీ ఇష్టమే, కాకపోతే అది వచ్చేసరికి మొదట్లోని ఆ ఒంటరితనం కాస్త చెదురుతుంది. ఇక ఒకప్పుడు నేను టేపు నలిపేసుకున్న ఆ డ్రమ్ము దెబ్బ, వరసగా రెండోసారి వింటే అంత తాకదు. మొదలు మాత్రం పదిసార్లు విన్నా తగ్గదు. డాలీ తన పాటలో ఆఖరి చరణాన్ని మాటల్లా చెప్తుంది, పాడదు. ఏ రోజైనా మనసు బాగా బరువుగా ఉంటే నేను విట్నీది కాదు, డాలీదే పెట్టుకుంటాను. ఈ మాట పదేళ్ల క్రితం నన్ను అడిగితే ఒప్పుకునేవాడిని కాదు.

కారులో వినేవాళ్లకి నేను గట్టిగా చెప్పలేను. రోడ్డు మోతలో మొదటి చరణం వినపడదు, వినపడాలని వాల్యూమ్ పెంచితే మూడు నిమిషాలు దాటాక ఆ దెబ్బకి ఉలిక్కిపడతారు. గదిలో, రాత్రిపూట, వైరున్న ఇయర్‌ఫోన్స్‌తో వినగలిగితే తప్పకుండా వినండి. నాకు ఇంత దగ్గరైంది అక్క ఇచ్చి వెళ్లిన క్యాసెట్ వల్లే కావచ్చు, మీకు అలాంటిదేమీ లేకపోతే ఇంత పట్టకపోవచ్చు కూడా. 2012 ఫిబ్రవరిలో విట్నీ పోయిన రోజు అక్క ఫోన్ చేసింది. ఇద్దరం పెద్దగా ఏమీ మాట్లాడుకోలేదు. “క్యాసెట్ ఉందా?” అని అడిగింది. ఉందన్నాను. ఇప్పటికీ ఉంది.