కుక్కకు క్యాన్సర్ ఆపరేషన్: తిరుపతిలో చేయించాలా, చెన్నై దాకా పోవాలా

తిరుపతిలో కుక్కకు గడ్డ తీయించాలంటే దారులు మూడు. వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి, ఊళ్లోని ప్రైవేటు క్లినిక్కులు, పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా చెన్నై. చిత్తూరు వాళ్లకు కాలేజీ 70 కిలోమీటర్ల దూరం. వేలూరు అందులో సగమే కాబట్టి చాలామంది అటే పోతారు. ఈ మూడింట్లో ఏది మంచిదని అడిగితే, ముందు ఆ గడ్డ ఏమిటో తేలాలి. అది తేల్చకుండా ఆపరేషన్ తేదీ రాసిచ్చే చోటికి, ఎంత పేరున్నా, ఎంత దగ్గరున్నా, మార్కులు తక్కువే వేయాలి.

తేల్చే పని పెద్దదేం కాదు. 22 లేదా 23 గేజి సూదిని గడ్డలోకి గుచ్చి, వచ్చిన కణాల్ని అద్దపు పలక మీద పరిచి, రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. మత్తు సాధారణంగా అక్కర్లేదు, అయిదు నిమిషాల పని. ‘ఎలాగూ తీసేసేదే కదా, తీశాక చూద్దాం’ అనే మాట రొమ్ము గడ్డల విషయంలో కొంతవరకు చెల్లుతుంది. అక్కడ మంచి (క్యాన్సర్ కాని) గడ్డనూ చెడ్డ (క్యాన్సర్) గడ్డనూ సూది పరీక్ష నమ్మకంగా విడదీయలేదు. చర్మం మీది గడ్డకు మాత్రం ఆ మాట చెల్లదు. చూడ్డానికి కొవ్వు గడ్డలాగే ఉండే మాస్ట్ సెల్ అనే క్యాన్సర్ గడ్డ ఒకటుంది. దాన్ని తీస్తే చుట్టూ 2 సెంటీమీటర్లు, కింద ఒక పొర అదనంగా తీయాలి. కొవ్వు గడ్డ అనుకుని అంచు వెంట ఒలిచేస్తే వేర్లు మిగిలిపోతాయి, కుక్క మళ్లీ టేబుల్ ఎక్కాలి. పైగా ఆ గడ్డను పిసికితే హిస్టమిన్ అనే రసాయనం విడుదలై చుట్టూ ఎర్రబడి వాస్తుంది. అందుకే తెలిసిన డాక్టరు దాని మీద చెయ్యి వేసే ముందే అలర్జీ ఇంజెక్షన్ ఇస్తాడు.

అసలు కత్తే అక్కర్లేని గడ్డ కూడా ఉంది. వీధిలో తిరిగొచ్చే కుక్కల్లో మర్మాంగం దగ్గర కాలీఫ్లవర్ పువ్వులా పెరిగి, బొట్లు బొట్లుగా రక్తం కారే గడ్డ. జత కట్టినప్పుడు ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకు కణాలే అంటుకుని పెరిగే క్యాన్సర్ ఇది. పేరు టీవీటీ. దీనికి మొదటి మందు విన్‌క్రిస్టిన్, వారానికి ఒకటి చొప్పున మామూలుగా 4 నుంచి 6 ఇంజెక్షన్లు. ఎక్కువ కుక్కలు పూర్తిగా నయమవుతాయి. కోసి తీస్తే తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ. ప్రతి ఇంజెక్షన్‌కు ముందు తెల్ల రక్తకణాల లెక్క చూడాలి. మందు నరం బయటికి ఒక్క చుక్క కారినా అక్కడి కండ కుళ్లుతుంది కాబట్టి నరంలో కొత్తగా పెట్టిన కాన్యులా (సన్నని గొట్టం) లోంచే ఇవ్వాలి. సిరంజితో నేరుగా పొడిచేస్తుంటే ఆపండి.

వెటర్నరీ కాలేజీ సంగతికి వద్దాం. 1955లో మొదలైన కాలేజీ, 2005 నుంచి శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగం. క్యాన్సర్ అనుమానం ఉన్న కుక్కకు ఇక్కడున్న పెద్ద సౌకర్యం శస్త్రచికిత్స, ఎక్స్‌రే, మెడిసిన్, పాథాలజీ విభాగాలు ఒకే సంస్థలో ఉండటం. కోసిన చెయ్యీ, కోసిన ముక్కను చదివే కన్నూ ఒకరికొకరు తెలిసినవైతే ‘ఏ వైపు అంచులో కణాలు మిగిలాయి’ అన్న ప్రశ్నకు జవాబు త్వరగా దొరుకుతుంది. ఇబ్బందులు ఏ బోధనాసుపత్రికైనా ఉండేవే. చీటీ రాయించుకోవాలి, వరసలో కూర్చోవాలి, చుట్టూ విద్యార్థులు గుమిగూడతారు. కొత్తవాళ్లను చూస్తే కరిచే కుక్క అయితే మూతికి కట్టే పట్టీ మీరే తీసుకెళ్లండి. ఈసారి చూసిన డాక్టరే వచ్చేసారి ఉంటాడని అనుకోవద్దు. అందుకే కేసు నంబరు, పాత చీటీలు, ఎక్స్‌రేలు, వాడుతున్న మందుల అట్టలు ఒకే ఫైల్లో పెట్టుకుని వెళ్లాలి. దారం, సెలైను లాంటివి బయట కొనుక్కురమ్మనవచ్చు. ఆ జాబితా ముందు రోజే అడిగి రాయించుకుంటే ఆపరేషన్ పొద్దున మందుల షాపు కోసం పరుగెత్తక్కర్లేదు. ఒక్క మాట, బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ రోజుకు మాత్రం తేదీ ఒప్పుకోకండి. కుట్లతో ఉన్న కుక్కను ఆ ట్రాఫిక్కులో ఇంటికి చేర్చలేరు.

ప్రైవేటు క్లినిక్ అయితే బోర్డు మీది డిగ్రీలు చదివి ఊరుకోవద్దు, నాలుగు ప్రశ్నలు అడగండి. మత్తు గ్యాసుతో ఇస్తారా, లేక జైలజిన్, కెటమిన్ ఇంజెక్షన్లతోనేనా? గొంతులో గొట్టం వేస్తారా? ఆపరేషన్ చేసే డాక్టరు కాకుండా మత్తును, ఆక్సిజన్ మీటరును చూసుకోవడానికి ఇంకో మనిషి ఉంటారా? రాత్రి కుక్క దగ్గర ఎవరుంటారు? అరగంటలో తేలే చిన్న గడ్డకు ఇంజెక్షన్ మత్తు నడుస్తుంది. గంటన్నర పట్టే రొమ్ము ఆపరేషన్‌కు, పదేళ్లు దాటిన కుక్కకు ఐసోఫ్లూరేన్ గ్యాసు, గొంతు గొట్టం ఉన్న చోటే మేలు. మత్తు లోతును అప్పటికప్పుడు తగ్గించుకోవచ్చు, ఊపిరి ఆగితే గొట్టంలోంచి గాలి ఊదొచ్చు. ‘ఇన్నాళ్లుగా ఇట్లాగే చేస్తున్నాం’ అన్నది జవాబు కాదు. ఖర్చు అంచనా కాగితం మీద అడగండి. అందులో రక్త పరీక్షలు, మత్తు, ఆపరేషన్, బయాప్సీ (కోసిన గడ్డను ల్యాబులో చదివే పరీక్ష), కట్లు విడివిడిగా ఉండాలి. బయాప్సీ గడి ఖాళీగా ఉందంటే గడ్డ చెత్తబుట్టలోకే పోతుందని అర్థం.

మన ప్రాంతంలో ఆపరేషన్‌ను చెడగొట్టేది చాలాసార్లు గడ్డ కాదు, గోమారి, అంటే పిడుదు. గోమార్లతో వచ్చే ఎర్లికియా జ్వరం పైకి కనిపించకుండా నెలల తరబడి ఉండి, రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లను తినేస్తుంది. కుక్కకు మైక్రోలీటరుకు 2 నుంచి 5 లక్షలు ఉండాలి. లక్షకు దిగువన ఉంటే, ప్రాణం మీదికి రాని ఆపరేషన్‌ను వాయిదా వేయమని మీరే అడగండి. ఈ జ్వరానికి మందు డాక్సీసైక్లిన్, కిలోకు రోజుకు 10 మిల్లీగ్రాముల చొప్పున 28 రోజుల కోర్సు. చాలా కుక్కల్లో మొదటి వారం పది రోజుల్లోనే లెక్క పైకి వస్తుంది. ఉత్త కడుపున వేస్తే వాంతి అవుతుంది, అన్నంతోనే వేయాలి. ప్లేట్‌లెట్లు ముద్దకట్టినప్పుడు యంత్రం తక్కువ చూపిస్తుంది కాబట్టి అద్దపు పలక మీద కూడా ఒకసారి చూడమనాలి. దీంతోపాటు హిమోగ్లోబిన్, కిడ్నీలకు క్రియాటినిన్, కాలేయానికి ఏఎల్‌టీ, చక్కెర పరీక్షలు తప్పనిసరి. గుండెలో తేడా శబ్దం వినిపిస్తే ఎకో (గుండె స్కానింగు) కూడా.

ఛాతీ ఎక్స్‌రే మూడు తీయించాలి: కుడి పక్కన పడుకోబెట్టి ఒకటి, ఎడమ పక్కన ఒకటి, వెల్లకిలా ఒకటి. ఒక్కటే తీసి ‘ఊపిరితిత్తులు బాగున్నాయి’ అంటే సగం మాటే. కింద పడిన ఊపిరితిత్తి అణిగిపోయి అందులోని మచ్చ కనపడదు. మూడూ తీసినా అరసెంటీమీటరు లోపు మచ్చలు ఎక్స్‌రేకు చిక్కవు. వాటికి సీటీ స్కాన్ కావాలి.

ఊళ్లో ఎక్కువగా కనిపించేది ఆడకుక్క రొమ్ము గడ్డే. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఏడెనిమిదేళ్ల పామెరేనియన్, లాబ్రడార్, నాటు కుక్క ఏదైనా సరే. రొమ్ములు అయిదు జతలు, గడ్డలు ఎక్కువగా వెనకున్న నాలుగో, అయిదో జతల్లో వస్తాయి. సుమారు సగం గడ్డలు చెడ్డవి. 3 సెంటీమీటర్లు దాటనివాటి ఫలితం మెరుగ్గా ఉంటుంది, అందుకే ‘ఇంకాస్త పెరగనిచ్చి చూద్దాం’ అన్నది చెడ్డ సలహా. చంకలో, గజ్జల్లో బిళ్లలు (లింఫ్ గ్రంథులు) తడిమి చూడని డాక్టరు పరీక్ష పూర్తి చేయనట్టే. బఠాణీ గింజంత గడ్డ అయితే దాన్ని మాత్రమే తీస్తే చాలు. ఒకే వైపు మూడు నాలుగు ఉంటే ఆ వైపు వరసంతా తీయడం మంచిది. రెండు వైపులా ఉంటే ఒకేసారి తీయనివ్వకండి. చర్మం చాలక బిగిసి కుట్లు తెగుతాయి. మొదటి వైపు మానాక, మూడు నాలుగు వారాల తర్వాత రెండో వైపు. గర్భసంచి కూడా అదే రోజు తీసేట్టయితే ముందు గర్భసంచి, తర్వాత గడ్డ. గడ్డ కోసిన కత్తితో పొట్ట తెరిస్తే కణాలు లోపలికి చేరతాయి. ఆపరేషన్ చేయకూడని రకం కూడా ఒకటుంది. రొమ్ములన్నీ ఎర్రగా, వేడిగా, గట్టిగా ఉండి, ముట్టుకుంటే అరుస్తూ, వెనక కాలు వాచి ఉంటే అది పాలు గడ్డకట్టడం కాకపోవచ్చు, వాపు రకం క్యాన్సర్ కావచ్చు. దాన్ని కోస్తే గాయం మానదు, రోజులు పెరగవు. నొప్పికి మందులిచ్చి చూసుకోవడమే దాని వైద్యం.

కోసిన గడ్డను వెడల్పు మూతి డబ్బాలో, దానికి పది రెట్లు 10 శాతం ఫార్మలిన్ పోసి పంపాలి. పెరుగు డబ్బా అంత గడ్డను చిన్న సీసాలో కుక్కితే నడిమధ్య కుళ్లిపోయి రిపోర్టు రాదు. పెద్దదైతే సెంటీమీటరు మందాన గాట్లు పెట్టాలి, అంచు చెడకుండా. ఫ్రీజరులో పెట్టకూడదు, సెలైనులో వేయకూడదు. రెండు గడ్డలుంటే రెండు డబ్బాలు, ఏది ఎక్కడిదో రాసి. ఈ పని ఎవరు చేస్తారో, ఎక్కడికి పంపుతారో మత్తు ఇచ్చే ముందే అడగండి. తర్వాత అడిగితే డబ్బా ఉండదు.

చెన్నై ఎప్పుడంటే, కాలి ఎముకలో గడ్డ, ప్లీహం మీద గడ్డ, నోటిలో దవడను తినే గడ్డ, రేడియేషన్ అవసరం పడేవి. ఎముక క్యాన్సర్‌కు కాలు తీసేయడం నొప్పి నుంచి విడుదల మాత్రమే. ఒక్క దాంతో సగం కుక్కలు నాలుగైదు నెలలకు మించి ఉండవు. కార్బోప్లాటిన్ అనే క్యాన్సర్ మందు కలిస్తే పది పన్నెండు నెలలు. మూడు కాళ్లతో కుక్క బాగానే పరుగెత్తుతుంది, మనుషులే ఎక్కువ బెంగపడతారు. మిగతా కాళ్ల కీళ్లు అరిగిన 45 కిలోల కుక్క సంగతి వేరు, అక్కడ కాలు తీయమని ఒప్పించే డాక్టరును రెండోసారి అడగండి. ప్లీహం గడ్డల్లో అన్నీ క్యాన్సర్ కావు, స్కానింగులో తేడా తెలియదు. కానీ హెమాంజియోసార్కోమా అనే రక్తనాళాల క్యాన్సర్ అయితే ఆపరేషన్ ఒక్కటే ఇచ్చేది ఒకటి నుంచి మూడు నెలలు, డాక్సోరూబిసిన్ మందు కలిపితే నాలుగు నుంచి ఆరు. ఈ ఆపరేషన్ తర్వాత మొదటి రెండు రోజుల్లో గుండె లయ తప్పవచ్చు కాబట్టి రాత్రి తలుపులు మూసే క్లినిక్‌లో చేయించకూడదు. రక్తం ఎక్కించాల్సి రావచ్చు. 25 కిలోలు దాటిన, టీకాలు వేసిన, గోమారి జ్వరం లేదని పరీక్షలో తేలిన, తెలిసినవాళ్ల కుక్కను ముందే మాట్లాడి ఉంచుకోండి. 1962కు ఫోన్ చేస్తే వచ్చే పశు అంబులెన్స్ ఇలాంటి వాటికి కాదు. చెన్నై ప్రయాణానికి తెల్లవారుజామునే బయలుదేరండి. మే నెల మధ్యాహ్నం పగ్ కుక్కను ఏసీ లేని కారులో తీసుకెళ్తే గడ్డ కంటే ఎండే ముందు ప్రాణం తీస్తుంది.

ముందు రోజు రాత్రి పదింటి తర్వాత అన్నం వద్దు, నీళ్లు పొద్దున దాకా ఇవ్వొచ్చు. చక్కెర జబ్బున్న కుక్కకు లెక్క వేరే. తిరిగొచ్చాక వెచ్చని దుప్పటి, మెడకు గరాటులాంటి కోన్. కోన్ పది నుంచి పద్నాలుగు రోజులు, కుట్లు తీసేదాకా. జాలేసి ఒక్క పూట తీస్తే ఆ పూటే కుట్లు నాకి విప్పుకుంటుంది. రొమ్ము ఆపరేషన్ తర్వాత చర్మం కింద నీరు చేరడం మామూలే. మెత్తగా, చల్లగా ఉంటే చూస్తూ ఉండొచ్చు. వేడిగా ఉన్నా, వాసన వచ్చినా, జ్వరం 103 దాటినా అదే రోజు వెళ్లాలి. చిగుళ్లు తెల్లబడితే లోపల రక్తం కారుతున్నట్టు అనుకుని బయలుదేరాలి, ఫోన్లు తర్వాత.

నొప్పి మందు దగ్గర ఎక్కువమంది తప్పు చేస్తారు. మెలోక్సికామ్ మొదటి రోజు కిలోకు 0.2, తర్వాత రోజుకు 0.1 మిల్లీగ్రాములు. అంటే పది కిలోల కుక్కకు 1 మిల్లీగ్రామే. మనుషుల మాత్ర 7.5 మిల్లీగ్రాములది, ఒక మాత్ర వేస్తే ఏడున్నర రెట్లు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ అసలే వద్దు, కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు పోతాయి. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ వాడుతున్న కుక్కకు మెలోక్సికామ్ కలపకూడదు. తిండికి పెరుగన్నం, ఉడికించిన కోడి మాంసం చాలు. సాంబారన్నం వద్దు, ఉల్లిపాయ ఎర్ర రక్తకణాల్ని పగలగొడుతుంది, అసలే రక్తం పోయిన ఒళ్లది.

ఆపరేషన్ వద్దనుకోవడం కూడా ఒక వైద్య నిర్ణయమే. దాన్ని పాపంలా మాట్లాడే క్లినిక్ నుంచి లేచి వచ్చేయండి. ఊపిరితిత్తుల్లో మచ్చలు తేలాక బయట కనిపించే గడ్డ తీయడం వల్ల రోజులు పెరగవు, ఆ గడ్డ పగిలి పురుగు పట్టేలా ఉంటే తప్ప. నొప్పి, ఆకలి, నీళ్లు, శుభ్రత, ఉత్సాహం, నడక, చెడ్డ రోజుల కంటే మంచి రోజులు ఎక్కువా అన్న ఏడింటికీ వారానికొకసారి సున్నా నుంచి పది దాకా మార్కులు వేసుకునే పద్ధతి ఒకటుంది. మొత్తం 70కి 35 దిగువకు జారితే డాక్టరుతో కూర్చుని మాట్లాడాల్సిన రోజు వచ్చినట్టు. చివరి ఇంజెక్షన్ ఇచ్చేట్టయితే ముందు మత్తు, తర్వాతే ఆ మందు ఇవ్వమని అడగాలి.

బయాప్సీ రిపోర్టు చేతికి వచ్చాక రెండు చోట్లే చూడండి: గ్రేడ్ (క్యాన్సర్ ఎంత దూకుడుది) ఎంత, అంచులు శుభ్రమా కాదా. అంచుల గురించి ఒక్క ముక్కా రాయకపోతే ల్యాబుకు ఫోన్ చేసి రాయించండి. అంచులు శుభ్రంగా, గ్రేడ్ తక్కువగా ఉంటే మొదటి ఏడాది మూడు నెలలకొకసారి గజ్జ, చంక బిళ్లలు తడిమించి ఛాతీ ఎక్స్‌రే, అవి కూడా మూడూ.