రోటరీ ఇంజన్ విమానానికి ఇన్‌కొనెల్ సైలెన్సర్: 120 గంటల తరువాత

సొంతంగా కట్టుకున్న విమానానికి కారు రోటరీ ఇంజన్ బిగించానని తెలిసినవారు నన్ను మొదట అడిగేది అది నమ్మకమైనదేనా అని, ఆ వెంటనే అడిగేది ఆ మోతను ఎలా భరిస్తున్నావని. మొదటి ప్రశ్నకు జవాబు నా దగ్గర తొలినాళ్ల నుంచీ ఉంది. రెండవదానికి జవాబు దొరకడానికి రెండేళ్లు పట్టింది, ఒక సైలెన్సర్ బలి అయింది. ఈ సమీక్ష దాని స్థానంలోకి వచ్చిన రెండవ సైలెన్సర్ గురించి. టెక్సాస్‌లో నేను ఉండే చోటికి గంట దూరంలో, రేసు కార్ల ఎగ్జాస్ట్ గొట్టాలు చేసే ఒక చిన్న వెల్డింగ్ షాపు దీనిని నా కొలతల ప్రకారం ఇన్‌కొనెల్ 625 అనే, తీవ్రమైన వేడిని తట్టుకునే నికెల్ మిశ్రమ లోహపు రేకుతో చేసి ఇచ్చింది. ఇక్కడ దీనిని మఫ్లర్ అంటారు. మనవారికి అలవాటైన సైలెన్సర్ అనే మాటనే నేను వాడుతున్నాను గాని, ఆ పేరు ఆశపెట్టే నిశ్శబ్దం ఏ ధర పెట్టినా దొరకదని ముందే చెప్పడం న్యాయం.

రోటరీ అనగానే మొదటి ప్రపంచ యుద్ధ కాలపు విమానాలలో సిలిండర్లన్నీ ప్రొపెల్లర్‌తో కలిసి తిరిగే నోమ్ ఇంజన్లు గుర్తుకు వచ్చేవారూ ఉంటారు. ఇది ఆ జాతి కాదు. ఇది జర్మనీలో ఫెలిక్స్ వాంకెల్ ఆలోచనతో ఎన్‌ఎస్‌యూ కంపెనీలో పుట్టి, 1967లో కాస్మో కారుతో మొదలుపెట్టి మాజ్డా దశాబ్దాలపాటు సాకిన ఇంజన్. నా విమానం వ్యాన్స్ సంస్థ కిట్‌తో కట్టిన ఆర్‌వీ-7, అందులో ఉన్నది ఆర్‌ఎక్స్-7 కారు నుంచి తీసిన, రెండు రోటార్లు (పిస్టన్లకు బదులుగా తిరిగే మూడు మూలల దిమ్మెలు) గల 1308 సీసీ 13బి రకం ఇంజన్.

దీని మోతకు మూలం వాల్వు లేకపోవడమే. పిస్టన్ ఇంజన్‌లో ఎగ్జాస్ట్ వాల్వు మెల్లగా లేస్తుంది, దాని అంచు చుట్టూ వాయువు మొదట సన్నగా, తరువాత ధారగా బయటికి వస్తుంది. పాత 13బి ఇంజన్‌లోనైతే ఎగ్జాస్ట్ రంధ్రం హౌసింగ్ (రోటార్ చుట్టూ ఉండే పెట్టె) గోడలోనే ఉంటుంది, రోటార్ కొసన ఉన్న సీలు ఆ రంధ్రం అంచు దాటిన క్షణానే ఇంకా ఒత్తిడి మీద ఉన్న వాయువు ఒక్కసారిగా గొట్టంలోకి విరుచుకుపడుతుంది. రోటార్ తాను ఒకసారి తిరిగేలోగా షాఫ్టును మూడుసార్లు తిప్పుతుంది, దాని మూడు ముఖాలలో ఒక్కొక్కటీ ఒక్కొక్కసారి పేలుతుంది. అంటే రెండు రోటార్లకు కలిపి షాఫ్టు తిరిగిన ప్రతిసారీ రెండు దెబ్బలు. నేను క్రూజ్‌లో, అంటే పైకి ఎక్కాక నిలకడగా సాగేటప్పుడు, నడిపే 5400 ఆర్‌పీఎం దగ్గర లెక్కవేస్తే అవి సెకనుకు 180. పక్క హ్యాంగర్‌లో ఉన్న నాలుగు సిలిండర్ల లైకమింగ్ విమాన పిస్టన్ ఇంజన్ 2400 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు 80 దెబ్బలే కొడుతుంది.

ఈ రెండు అంకెల మధ్య తేడాను నేను చాలాకాలం తేలిగ్గా తీసుకున్నాను. మనిషి చెవి లోతైన ధ్వనులను సరిగా పట్టుకోదు. ఆ బలహీనతను లెక్కలోకి తీసుకునే ఏ-వెయిటింగ్ పట్టిక 80 హెర్ట్జ్ ధ్వనికి 22 డెసిబెల్స్‌కు పైగా తగ్గింపు ఇస్తుంది, 180 హెర్ట్జ్ దగ్గర ఆ తగ్గింపు దాదాపు 12 మాత్రమే. రెండు ఇంజన్లూ ఒకే ఒత్తిడితో ఊదినా రోటరీ ధ్వని చెవికి సుమారు 10 డెసిబెల్స్ ఎక్కువగా, అంటే దాదాపు రెట్టింపు బిగ్గరగా తోస్తుంది. 1991లో ఫ్రాన్స్‌లో లె మాన్స్ 24 గంటల కార్ల పందెం గెలిచిన రోటరీ కారు మాజ్డా 787బి అరుపును పరవశించి వినేవారు ఈనాటికీ ఉన్నారు, నేనూ వారిలో ఒకడినే. అయితే అది సాయంత్రం పూట మా రన్‌వే చివర ఇళ్లలో ఉండేవారికి కచేరీ కాదు. పైగా నా విమానానికి మొదటి 40 గంటల పరీక్షా ప్రయాణాలు కేటాయించిన ప్రాంతంలోనే సాగవలసి వచ్చింది కాబట్టి, ఆ 40 గంటలూ వినవలసి వచ్చింది వారికే.

మొదటి సైలెన్సర్ కార్ల సామాను దుకాణంలో కొన్న స్టెయిన్‌లెస్ రకం. దానిని చేసినవారి పేరు చెప్పను, ఎందుకంటే తప్పు వస్తువుది కాదు, దానిని తీసుకెళ్లి కారు ఎన్నడూ చూడని వేడిలో పెట్టిన నాది. కారు తన జీవితంలో ఎక్కువ భాగం పావువంతు శక్తితో గడుపుతుంది, విమానం గంటల తరబడి ముప్పావువంతు మీదనే ఉంటుంది. 13బి వదిలే వాయువు 900 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూ ఉంటుంది. విమానం ఒళ్లంతా ఉన్న అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుందన్న సంగతి గుర్తుంచుకుంటే ఈ అంకె బరువు తెలుస్తుంది. ఆ వేడిలో మామూలు ఇనుప రేకు పొరలు పొరలుగా ఊడిపోతుంది, పలుచని స్టెయిన్‌లెస్ పెళుసెక్కి పగులుతుంది, ధ్వనిని పీల్చడానికి లోపల కూరిన గాజు ఉన్ని కొద్ది గంటలలోనే వెనుక గొట్టం గుండా ఎగిరిపోతుంది. నా దానిలో మొదట ఉన్ని పోయింది, మోత పెరిగింది, అంతే కదా అనుకున్నాను. తరువాత లోపలి అడ్డుపలక ఒకటి వెల్డింగ్ దగ్గర తెగి, వాయువు తోపుకు వెనక్కి జరిగి, బయటికి పోయే మూతికి అడ్డంగా నిలబడింది. ఎక్కుతున్న విమానంలో థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఉండగానే శక్తి తగ్గుతూ వస్తే పైలట్ ఇంధనాన్నీ ఇగ్నిషన్‌నూ అనుమానిస్తాడు గాని సైలెన్సర్‌ను అనుమానించడు. రన్‌వే ఇంకా అందుబాటులో ఉన్నప్పుడే అది జరగడం నా అదృష్టం.

అందుకే రెండవదానికి కొలతలు ఇచ్చేటప్పుడు ఎంత నిశ్శబ్దం కావాలో తరువాత మాట్లాడాను. ముందు అడిగింది ఒక్కటే: ఇది లోపల విరిగితే ఆ ముక్క ఎక్కడికి పోతుంది? షాపు యజమాని నా ప్రశ్నను అర్థం చేసుకున్నాడు, నేను ఆ షాపును మెచ్చుకోవడానికి మొదటి కారణం అదే. ఆయన గీసినది ఈ చివర నుంచి చూస్తే ఆ చివర కనిపించే సూటి గొట్టం. దాని ఒంటినిండా చిల్లులు, దాని చుట్టూ మరొక పెద్ద గొట్టం, ఆ రెండింటి మధ్య ఖాళీని మూడు అసమానమైన గదులుగా విడగొట్టే గుండ్రని పలకలు. ఉన్ని లేదు, వాయువు దారికి అడ్డంగా ఏదీ లేదు. పలక తెగినా గదిలోనే గలగలలాడుతుంది, దారిలోకి రాలేదు. చిల్లుల గొట్టం గోడను కార్ల రకానికి రెట్టింపు మందంగా చేయించుకున్నాను, మొదట చిరిగిపోయేది అదే కనుక.

కొలతల దగ్గర ఆయన నా తప్పు ఒకటి పట్టుకున్నారు. 180 హెర్ట్జ్ ధ్వనిని ఎదురుకొట్టి చంపడానికి ప్రక్కకు ఒక మూసిన గొట్టం పెడదామని, దాని పొడవు ధ్వని తరంగంలో నాలుగవ వంతుగా, 48 సెంటీమీటర్లని లెక్క కట్టుకుని వెళ్లాను. ధ్వని వేగం ఎంత తీసుకున్నావని ఆయన అడిగారు. సెకనుకు 343 మీటర్లు అన్నాను, బడిలో చదివినట్టే. అది గది వేడిలో ఉన్న గాలికి. ఎగ్జాస్ట్ వాయువు అంత వేడెక్కినప్పుడు ధ్వని అందులో సెకనుకు దాదాపు 650 మీటర్లు పరుగెత్తుతుంది, అప్పుడు ఆ గొట్టానికి 90 సెంటీమీటర్లు కావాలి. ఆర్‌వీ-7 పొట్ట కింద అంత పొడుగు కొమ్మను వేలాడదీయడం నాకు ఇష్టం లేకపోయింది. ఆ ఆలోచన అక్కడితో వదిలేసి, ఉన్న పొడవునంతా సైలెన్సర్ గదులకే ఇచ్చాము.

బిగించాక విన్నది చెబుతాను. చెవిని కోసే పదును పోయింది. చిరుగుడ్డను గట్టిగా చించుతున్నట్టుండే ఆ పైస్థాయి అరుపు రన్‌వే పక్కన నిలబడినవారికి ఇక వినిపించడం లేదు. అడుగున ఉన్న గుమ్మనే మోత మాత్రం మిగిలింది, తగ్గిందే గాని పోలేదు. ఈ పరిమాణంలో ఉన్న ఏ సూటి సైలెన్సర్ అయినా లోతైన ధ్వని దగ్గర ఓడిపోవలసిందే, దానికి కావలసింది ఘనపరిమాణం, విమానంలో లేనిదీ అదే. ఫోన్‌లో మీటరు పెట్టి కొలిచాను గాని ఆ అంకెలను నేనే నమ్మను కనుక ఇక్కడ రాయను. సైలెన్సర్ లేకుండా నేల మీద పూర్తి థ్రాటిల్‌లో వచ్చిన ఆర్‌పీఎం, దీనితో వచ్చిన ఆర్‌పీఎం ఒకటే. వెనుక ఒత్తిడిని, అంటే బయటికి పోయే వాయువుకు ఎదురయ్యే అడ్డును, ఈ ఇంజన్ ఏమాత్రం సహించదు కాబట్టి నాకు ఇది అన్నిటికన్నా ముఖ్యం. మరొక సంగతి, ఎగ్జాస్ట్ సద్దుమణిగాక ప్రొపెల్లర్ హోరు బయటపడింది. 2.17 నిష్పత్తి గేర్‌బాక్స్‌తో ప్రొపెల్లర్ దాదాపు 2500 ఆర్‌పీఎం వద్ద తిరుగుతుంది, దాని కొసలు ధ్వని వేగంలో పదింట ఏడు వంతుల దగ్గర ఉంటాయి. ఇక్కడి నుంచి సైలెన్సర్ మీద పెట్టే ప్రతి డాలరుకూ ఫలితం తగ్గుతూ పోతుంది. 1960ల చివరలో లాక్‌హీడ్ వారు వినపడకుండా ఎగరడానికే కట్టిన క్యూ-స్టార్ విమానంలో కర్టిస్-రైట్ రోటరీ ఇంజన్‌నే బిగించారు, కాని వారు పెద్ద సైలెన్సర్‌తో ఆగక ప్రొపెల్లర్‌ను కూడా చాలా నెమ్మదిగా తిప్పారు.

లోపాలు లేకపోలేదు. ఇది మొదటిదానికన్నా కిలోన్నర బరువు, ధర ఆరు రెట్లు, చేతికి రావడానికి పదకొండు వారాలు. 60 గంటల దగ్గర ముందు వైపు ఫ్లాంజ్ (బోల్టులతో బిగించే అంచు) పక్కన వెంట్రుకంత పగులు కనిపించింది. ఒక మీటరు స్టెయిన్‌లెస్ గొట్టం ఇంత వేడికి సుమారు ఒకటిన్నర సెంటీమీటర్లు సాగుతుంది, ఇన్‌కొనెల్ కాస్త తక్కువ సాగినా ఆ సాగుడుకు ఎక్కడో ఒకచోట జాగా ఇవ్వాలి. నేను రెండు చివరలా బిగించేశాను. షాపువారు డబ్బు తీసుకోకుండా పగులును అతికి, వెనుక వైపు జారే కీలు పెట్టి ఇచ్చారు, ఆ తరువాతి 60 గంటలలో కొత్త పగులు రాలేదు. పొట్ట రేకుకు వేడి తగలకుండా అడ్డురేకు వేరుగా చేయించుకోవాలి, కేబిన్‌లో కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరిగా పెట్టుకోవాలి. ప్రతి 25 గంటలకు కౌలింగ్ (ఇంజన్ మీది మూత) విప్పి, టార్చి వేసి గొట్టంలోంచి ఆ చివర వరకు చూస్తాను. దీనికి పట్టేది అర నిమిషం, అడ్డుపలకలున్న రకంలో ఈ పని సాధ్యమే కాదు.

టర్బో (ఎగ్జాస్ట్ వాయువుతో టర్బైన్‌ను తిప్పి ఇంజన్‌లోకి ఎక్కువ గాలిని నెట్టే పరికరం) ఉన్న 13బి వాడేవారికి ఇంత ఖర్చు అవసరం లేదనిపిస్తుంది, ఎందుకంటే దెబ్బలోని శక్తిని టర్బైన్ ముందుగానే కాజేస్తుంది. ఆర్‌ఎక్స్-8 కారులోని రెనెసిస్ ఇంజన్‌కు ఎగ్జాస్ట్ రంధ్రాలు ప్రక్క గోడలలో ఉంటాయి, వాటి గొంతు కొంత మృదువు, కనుక ఆ ఇంజన్ వాడేవారు చిన్న సైలెన్సర్‌తో సరిపెట్టుకోవచ్చు. నాలాగా పాత 13బి ఉండి, టర్బో లేనివారికి మాత్రం ఇలాంటిదే చేయించుకోమంటాను: ఇన్‌కొనెల్, సూటి గొట్టం, మందపాటి గోడ, వెనుక జారే కీలు. మనవైపు పోలీసులు కుప్పపోసి రోడ్డు రోలరుతో తొక్కించే బుల్లెట్ సైలెన్సర్ల ఫొటోలు మా తమ్ముడు అప్పుడప్పుడూ పంపి, నీదీ ఇందులో వేయమంటావా అన్నయ్యా అని అడిగేవాడు. మొన్న విమానం వీడియో పంపితే, శబ్దం పెట్టడం మరిచిపోయావా అని అడిగాడు. అది వాడి వేళాకోళమే. రన్‌వే చివరి ఇంటివారు మాత్రం ఈ మధ్య నన్ను చూస్తే చెయ్యి ఊపుతున్నారు.