ప్రైమరీ బడి ఆటల కిట్: ఏది ఉంచుకోవాలి, ఏది మార్పించుకోవాలి

ఆటసామాను కోసం ప్రాథమిక పాఠశాలకు సమగ్ర శిక్ష (ప్రభుత్వ బడులకు నిధులిచ్చే పథకం) కింద ఏడాదికి వచ్చేది గరిష్ఠంగా 5,000 రూపాయలు. ఆ మొత్తానికి నల్గొండలో, మహబూబ్‌నగర్‌లో దుకాణాల వాళ్లు కట్టిచ్చే రెడీమేడ్ కిట్‌లో ఫుట్‌బాల్, ప్లాస్టిక్ బ్యాట్లు, క్యారమ్ బోర్డు, స్కిప్పింగ్ తాళ్లు, రింగులు ఉన్నాయి. మేం చూసింది ఒక్కటే: ఏ వస్తువుతో ఎంతమంది ఆడతారు, ఎంతమంది గోడకానుకుని చూస్తుంటారు? పని కోసం ఊరు మారిన ఇంటి పిల్లగాడికి కొత్త బడిలో మొదటి దోస్తు దొరికేది ఆటలోనే.

ఈ లెక్కన బ్యాట్లకు తక్కువ మార్కులు. ఇద్దరు ఆడుతుంటే మిగతావాళ్లు బంతి వెనక ఉరకాలి. పైగా ఎండలో పడేస్తే పిడి దగ్గర పగులుతాయి.

ఫుట్‌బాల్ 5వ సైజుది ఇచ్చారు. అది పెద్దవాళ్ల బంతి, 410 నుంచి 450 గ్రాములు. 1, 2 తరగతుల పిల్లలకు 3వ సైజు, పెద్దపిల్లలకు 4వ సైజు కావాలి. బరువు బంతి ఒకసారి మొహానికి తగిలితే ఆ పిల్ల మళ్లీ మైదానంలోకి రాదు. మన చెల్కల్లో పల్లేరుకాయలు గుచ్చుకుని గాలి పోవడం మామూలే, కాబట్టి ఆటకు ముందు నేల ఊడ్పించండి. పంపు సూదిని తడిపి గుచ్చాలి. పొడి సూది వాల్వును చీలుస్తుంది. కిట్‌లో సూది ఒక్కటే ఉంది, ఇంకో రెండు అడగండి.

అసలు లోటు తాళ్ల దగ్గర. ఇచ్చినవన్నీ ఒక్కరు ఎగిరే ప్లాస్టిక్ తాళ్లు. బడికి కావాల్సింది 5 మీటర్ల పొడవు, బొటనవేలంత లావు ఉన్న నూలు తాడు. నైలాన్ తాడుకు బరువుండదు, సరిగ్గా తిరగదు, పిక్కలకు తగిలితే చురుక్కుమంటుంది. ఇద్దరు మూడున్నర మీటర్ల దూరంలో నిలబడి, నడుమ తాడు నేలను తాకేలా తిప్పాలి. తాడు నేలను తాకి పైకి లేస్తున్నప్పుడు లోపలికి వెళ్లాలి. తాడు కాలికి తగిలినవాళ్లు ‘ఔట్’ అయి పక్కన కూర్చోకూడదు, తిప్పేవాళ్లలో ఒకరి స్థానం తీసుకోవాలి. ఔట్ చేసే ఆటల్లో ముందు బయటికి పోయేది ఆట రానివాళ్లే, సాధన కావాల్సిందీ వాళ్లకే. ఈ ఒక్క నియమంతో పదిహేను మంది ఒకే తాడుతో ఇంటర్వెల్ అంతా ఆడతారు.

రింగులు బాగున్నాయి, ఉంచుకోండి. గుండ్రంగా నిలబడి, అవతలివాళ్ల పేరు పిలిచి విసరమనండి. మాట్లాడని పిల్ల పేరు కూడా అందరి నోట పలుకుతుంది.

క్యారమ్ నలుగురికే. వానరోజుకు పర్వాలేదు. బోర్డు మీద చల్లే బోరిక్ పౌడర్ మాత్రం చిన్నపిల్లల నోట్లోకి పోకూడదు. ఆట కాగానే, ముఖ్యంగా మధ్యాహ్న భోజనానికి ముందు, చేతులు కడిగించాలి.

బ్యాట్లు తీసేసి వాటి బదులు కోలాటం కర్రలు అడగండి. జతలు మారుతూ ఆడే ఆట, బతుకమ్మ పాటలకు పిల్లలే మొదలుపెడతారు. గీతలకు సున్నం వాడొద్దు, కళ్లలో పడితే మంట. ముగ్గుపిండి చాలు.

బీరువాలో తాళం వేసిన కిట్ ఎవరికీ పనికిరాదు. వరండాలో ఓ గంప పెట్టి, ఐదో తరగతిలో వారానికో జంటకు లెక్క అప్పగించండి. బంతి చిరిగితే స్టాక్ రిజిస్టర్‌లో అరిగిపోయినట్టు రాయించండి, దానికి భయపడి సామాను దాచొద్దు.

బిల్లు కట్టేముందు ప్రతి బంతికీ గాలి కొట్టించి, వాల్వు మీద కొంచెం ఉమ్మి రాసి చూడండి. బుడగ లేస్తే అక్కడే మార్పించుకోండి.