ట్యాబ్ మూసేశాను, మీటర్ మాత్రం రెండు రోజులు తిరిగింది: జాగ్రత్త

గంటల లెక్కన జీపీయూ (ఏఐ లాంటి భారీ లెక్కలు వేగంగా చేసే చిప్) అద్దెకు తీసుకుని జూపిటర్ నోట్‌బుక్‌లు (బ్రౌజర్‌లోనే కోడ్ రాసి నడిపే పేజీలు) నడిపేవాళ్లు డబ్బు కట్టే ముందు ఇది చదవండి. పేరు రాయను గానీ, ఒక షేర్డ్ క్లస్టర్ (చాలామంది పంచుకుని వాడే కంప్యూటర్ల గుంపు) వాళ్ల దగ్గర 8,000 రూపాయలు ముందే కట్టి క్రెడిట్ వేయించుకున్నాను. గంటకు 150. సైట్‌లో ఇంతింత అక్షరాలతో ‘వాడినంతకే చెల్లించండి’ అని ఉంది.

శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నరకి నోట్‌బుక్ తెరిచాను. ఓ నలభై నిమిషాలు పని చేసి, ఫైల్ సేవ్ చేసి, ట్యాబ్ మూసి, మా అక్క కూతురి ఓణీల ఫంక్షన్‌కి ఖమ్మం బస్సెక్కేశాను. సోమవారం పొద్దున చూస్తే బ్యాలెన్స్ 800! అకౌంట్ ఎవరో హ్యాక్ చేశారనుకుని ఒకటే టెన్షన్.

హ్యాకూ లేదు, పాడూ లేదు. టెర్మినల్‌లో పాత జాబ్‌ల చిట్టా తీస్తే ఒకే ఒక్క వరుస: ఎలాప్స్‌డ్ 2-00:00:17, స్టేట్ టైమౌట్. అంటే రెండు రోజులు పూర్తిగా నడిచి, గడువు తీరాకే ఆగింది. ఇలాంటి చోట నోట్‌బుక్, క్లస్టర్‌లో ఎవరి పనికి ఏ మెషిన్ ఎంతసేపో పంచే స్లర్మ్ అనే సాఫ్ట్‌వేర్ కింద, ఒక జాబ్‌గా నడుస్తుంది. మనం ట్యాబ్ మూసినా, లాగౌట్ అయినా ఆ జాబ్ అలాగే ఉంటుంది. టైమ్ లిమిట్ దగ్గర వాళ్లు ముందే 48 గంటలు నింపి ఉంచారు, నేను చూసుకోకుండా స్టార్ట్ నొక్కాను. గూగుల్ వాళ్ల ఉచిత నోట్‌బుక్ సర్వీసు కోలాబ్‌కి అలవాటుపడ్డ ప్రాణం కదా, అక్కడ కాసేపు కదలకపోతే అదే డిస్కనెక్ట్ చేసేస్తుంది.

జీపీయూ నా పేరు మీద ఉన్నంతసేపు ఇంకొకరికి ఇవ్వలేరు, దానికి డబ్బు తీసుకోవడం తప్పనను. ఫంక్షన్ హాలు బుక్ చేసి తాళం వేసి పెట్టుకున్నా అద్దె అద్దే. కానీ అలాంటప్పుడు ‘వాడినంతకే’ అని ఎందుకు రాయాలి? అందరి నోట్‌బుక్ సర్వర్లను నడిపే జూపిటర్‌హబ్ సాఫ్ట్‌వేర్‌కి ఐడిల్ కల్లర్ అని ఒకటి పెట్టుకోవచ్చు, పని లేకుండా పడి ఉన్న సర్వర్లను అదే ఆపేస్తుంది. వీళ్లు పెట్టలేదు. ఎందుకు పెడతారు లెండి!

ఇంకోటి. ఎన్‌విడియా ఏ100 జీపీయూ కార్డు, 40 జీబీ మెమరీ అని చెప్పి అమ్మారు. 10 జీబీ దగ్గరికి రాగానే మెమరీ చాలక కోడ్ పడిపోతుంటే నా కోడ్‌లోనే తప్పుందని ఓ సాయంత్రమంతా బుర్ర బద్దలు కొట్టుకున్నాను. చివరికి జీపీయూ వివరాలు చూపే ఎన్‌విడియా-ఎస్ఎంఐ (nvidia-smi) కమాండ్‌కి ‘-ఎల్’ (-L) తగిలించి చూస్తే ‘మిగ్ 2జీ.10జీబీ’ అని వచ్చింది. అంటే కార్డును ముక్కలు చేసి నాకో ముక్క ఇచ్చారు, రేటు మాత్రం మొత్తం కార్డుది. మీరు చేరిన మొదటి అయిదు నిమిషాల్లోనే ఈ కమాండ్ కొట్టి చూసుకోండి.

టైమ్ లిమిట్ రెండు గంటలకు మించి పెట్టకండి. పని అయ్యాక కెర్నల్ (నోట్‌బుక్ వెనక కోడ్ నడిపే ప్రోగ్రామ్) ఒక్కటి ఆపితే సరిపోదు. హబ్ కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్లి ‘స్టాప్ మై సర్వర్’ నొక్కాలి. తర్వాత ‘ఎస్‌క్యూ’ (squeue) కమాండ్‌లో మీ వరుస పోయిందో లేదో చూసుకోండి. ఉంటే జాబ్ నంబర్‌తో ‘ఎస్‌క్యాన్సెల్’ (scancel) కొట్టండి.

కస్టమర్ కేర్‌తో నాలుగు రోజులు పోట్లాడితే 1,000 రూపాయల క్రెడిట్ వేశారు. అదీ నెలలోపే వాడేయాలట.